ఉప్సాలా చీకటి సంగతి తర్వాత, ముందు అక్క గాజుల సంగతి చెప్పు

చూడమ్మా, చిన్నదానివి కాబట్టి నువ్వు అనే అంటున్నా. నాలుగు పేజీల ఉత్తరం రాశావు, మూడున్నర పేజీలు చలీ చీకటే. ఖమ్మం పిల్లవి, హైదరాబాద్‌లో బీటెక్ ఫైనలియర్, ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ మీద ఆగస్టు చివర్లో స్వీడన్‌లోని ఉప్సాలాకి వెళ్ళావు, జనవరి మధ్య దాకా అక్కడే. మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దు గూకుతోంది, కారిడార్‌లో పన్నెండు మందికి ఒకటే కిచెన్, అయినా ఎవరూ పలకరించరు, రెండు వారాలుగా నిద్ర లేదు, "మేడమ్, మధ్యలో వదిలేసి వచ్చేయనా, ఇది డిప్రెషనేనా" అని అడిగావు. చివర్లో ఎప్పుడో, పోనీలే అన్నట్టు ఒక్క లైను రాశావు, రెసిడెన్స్ పర్మిట్ కోసం అకౌంట్లో డబ్బు చూపించాల్సి వస్తే అక్క తన గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టింది, బావకి తెలీదు, అమ్మ చెప్పొద్దంది అని.

నేను ఆ లైను దగ్గరే ఆగిపోయాను.

నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో చెప్తా. వచ్చేయకు. డిసెంబర్‌లో అక్కడ తొమ్మిదికి కాస్త ముందు తెల్లారి మూడు లోపే చీకటి పడడం ఊరందరికీ ఉన్నదే, వెలుతురున్న ఆ ఐదారు గంటలు గదిలో దుప్పటి కప్పుకుని పడుకోకుండా ఫిరిస్ ఏటి పక్కన నడువు, 21 దాటాక పొద్దు మళ్ళీ పెరుగుతుంది. నిద్ర సంగతి మాత్రం యూనివర్సిటీ స్టూడెంట్ హెల్త్ వాళ్ళకి ఈ వారమే చూపించుకో, అది డిప్రెషనో కాదో ఉత్తరం చదివి తేల్చేది కాదు. తోడు కావాలంటే అక్కడ నేషన్లని 13 స్టూడెంట్ సంఘాలున్నాయి కదా, ఒకదాంట్లో చేరి వాళ్ళ కేఫ్‌లో గిన్నెలు కడగడానికైనా వెళ్ళు, గిన్నెల దగ్గర కూర్చున్నవాళ్ళకి మాటలు వాటంతటవే వస్తాయి, మన పెళ్ళిళ్ళలో చూడలేదా.

ఇక అక్క దగ్గరికొద్దాం. ఎంటెక్ సీటొచ్చినా వదులుకుని 22కే పెళ్ళి చేసుకుంది, నువ్వే రాశావు. ఎక్స్ఛేంజ్ కాబట్టి అక్కడ ఫీజు లేదు, అంటే ఆ గాజులు నీ గదికీ నీ తిండికీ పోయాయి. నువ్వేమో ఇన్‌స్టాలో రోజూ నవ్వుతూ ఫొటోలు పెడుతున్నావు, అక్క ప్రతి ఫొటోకీ హార్ట్ పెడుతుంది కానీ ఫోన్ చేస్తే "తిన్నావా" దాటి మాట్లాడట్లేదని నీ బాధ. ఎలా మాట్లాడుతుందమ్మా? బాలేదని నువ్వంటే తన గాజులు దండగైనట్టు, వడ్డీ కట్టలేకపోతున్నానని తనంటే నీ చదువు పాడైనట్టు, ఇలా ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు నాటకం ఆడుకుంటుంటే నిద్రెక్కణ్ణించి వస్తుంది. నువ్వుండే స్టూడెంట్ హాస్టళ్ళ పేట ఫ్లోగ్‌స్టాలో రాత్రి పదింటికి అందరూ కిటికీలు తీసి గట్టిగా అరుస్తారు, నేనూ రోజూ అరుస్తున్నా అన్నావు. అప్పుడిక్కడ రెండున్నర, అక్క నిద్రలో ఉంటుంది.

నేనూ మా అన్నయ్య డబ్బుతో చదువుకున్నదాన్నే. వదినకి తెలియకుండా ఇచ్చాడని పదేళ్ళ తర్వాత, వాళ్ళ అమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో తెలిసింది. వదిన ఒక్క మాట కూడా అనలేదు, నా ప్లేట్‌లో ఇంకో బూరె వేసి వెళ్ళిపోయింది, ఆ బూరె నాకు ఇప్పటికీ గొంతులోనే ఉంది. అందుకే తోబుట్టువు డబ్బు కూడా అప్పేనని నేను మొండిగా అంటాను, మన ఇళ్ళలో "సొంత అక్కేగా" అని ఊరుకుంటారు, నాకు నచ్చదు.

ఈ వారం చెయ్యాల్సింది చెప్తా విను. అమ్మకి చేసే వీడియో కాల్ కాకుండా అక్కకి ఆఫీసులో లంచ్ టైముకి, ఒంటిగంటకి చెయ్యి, నీకు ఎనిమిదిన్నర, ఇంకా తెల్లారి ఉండదు, ఫర్వాలేదు. నాకిక్కడ బాలేదు, ఫొటోలన్నీ ఉత్తవే అని ముందు నువ్వు చెప్పు, ఆ తర్వాత ఎంతకి తాకట్టు పెట్టావు, వడ్డీ ఎంత, గడువెప్పుడు అని అడిగి రాసుకో. ఏడ్చేసి ఫోన్ పెట్టేస్తుందేమో, మర్నాడు మళ్ళీ చెయ్యి. సంక్రాంతికి అత్తారింటికి వెళ్ళాలి, చేతులకి గాజులేవని అడిగితే ఏం చెప్తుందో ఆలోచించావా? గడువు దాటితే నోటీసు ఇంటి అడ్రస్‌కే వస్తుంది, అప్పుడు బావకి పోస్ట్‌మ్యాన్ చెప్తాడు. దానికంటే అక్క చెప్పడం మేలు. బావ మంచివాడే అన్నావు, అలాంటివాళ్ళకి గాజులు పోయినందుకు కాదు, దాచినందుకు ఒళ్ళు మండుతుంది. "నువ్వు చెప్పేటప్పుడు లైన్లో నేనూ ఉంటా" అని అక్కతో అను, కానీ తనని దాటి నువ్వు బావకి మెసేజ్ పెట్టావో, నీ అంత తెలివితక్కువది ఉండదు. అమ్మ చెప్పొద్దంది అంటావా, గాజులు అమ్మవి కావు కదా.

ఆకాశంలో రంగుల వెలుగులు, అవే నార్తర్న్ లైట్స్, చూడ్డానికి స్వీడన్ ఉత్తరాన ఉన్న కిరునా ట్రిప్‌కి వెళ్ళనా అని కూడా అడిగావు. వద్దు, తిట్టుకున్నా సరే. అవి కనపడేదీ లేనిదీ మబ్బుని బట్టి కూడా ఉంటుంది, గాజుల మీద వడ్డీకి మబ్బు అడ్డం రాదు. జనవరి దాకా రెంటుకీ తిండికీ ఎంతవుతుందో లెక్కేసి పక్కన పెట్టుకో, నీ అకౌంట్లో మిగిలింది గోల్డ్ లోన్‌కి కట్టించు, మొత్తం తీరకపోయినా కట్టినంత మేర వడ్డీ తగ్గుతుంది. మిగతాది జూలైలో ఉద్యోగంలో జాయినయ్యాక, మొదటి జీతం నుంచే. చీరలు, సర్‌ప్రైజ్ గిఫ్టులు వద్దు.

కట్టిన రసీదు ఫొటో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టకు, అక్కకి ఒక్కదానికే పంపు.