బడి, మైదానం, పంచాయతీ: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అక్క కొడుకు జర్మనీలో ఉంటాడు. వాళ్ల పాపకు పాఠాలు చెప్పే మాస్టారే ఆ ఊరి కౌన్సిలరట, ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడు కూడానట. నేను జిల్లా పరిషత్ బడిలో పనిచేస్తున్నాను. పంచాయతీ ఎన్నికల్లో నిలబడవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, రాజురా తాలూకా, చంద్రాపూర్ జిల్లా

జవాబు: ఉద్యోగంలో ఉండగా కుదరదు. మహారాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు 1979 ప్రవర్తనా నియమాలు, జిల్లా పరిషత్ సిబ్బందికి 1967 నియమాలు ఉన్నాయి. పోటీయే కాదు, ప్రచారం కూడా చేయకూడదు. రాజీనామా కాగితం ఇచ్చేసి నామినేషన్ వేయడానికి పరుగెత్తకండి, ఆమోదించిన ఉత్తర్వు చేతికి రావాలి.

జర్మనీలో మాస్టారికి జీతమిచ్చేది సాధారణంగా రాష్ట్ర ప్రభుత్వం, ఊరి మునిసిపాలిటీ కాదు. అందుకే ఊరి కౌన్సిల్లో కూర్చోగలుగుతారు. అదే మునిసిపాలిటీ ఉద్యోగి అయితే అడ్డంకి వస్తుంది. చాలా ఊళ్లలో కౌన్సిలర్‌ది జీతం లేని పదవి, కొద్దిపాటి భత్యం ఇస్తారు. రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన శాశ్వత ఉద్యోగికి మాత్రం కొలువు ఆగి ఉంటుంది, పదవి దిగాక మళ్లీ చేరవచ్చు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం చెప్పిన విన్‌ఫ్రీడ్ క్రెచ్‌మన్ 2011లో బాడెన్-వుర్టెంబర్గ్ ముఖ్యమంత్రి అయ్యారు. మన దగ్గర పోలింగ్ బూత్‌లో కూర్చునేది, ఓటరు జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగేది మాస్టార్లే కాబట్టి ఈ నిషేధాన్ని మేం తప్పుపట్టం. క్లబ్బు నడపడం వేరు సంగతి. జీతం లేని గౌరవ పదవే అయినా, ముందుగా మీ శాఖ నుంచి లిఖిత అనుమతి తీసుకోండి.

ప్రశ్న: మా కుర్రాళ్లు కబడ్డీ బాగా ఆడతారు. క్లబ్బు రిజిస్టర్ చేయించాలంటే ఏం చేయాలి?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: ఏడుగురు కావాలమ్మా. జర్మనీలోనూ క్లబ్బు నమోదుకు ఏడుగురే, ఆ తర్వాత ముగ్గురి కంటే తగ్గితే కోర్టు గుర్తింపు తీసేస్తుంది. ఇక్కడ 1860 సొసైటీల చట్టం కింద, 1950 పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద, రెండు నమోదులూ చేయించాలి. రెండో దానికి గడువు మూడు నెలలు. దరఖాస్తు సహాయ ధర్మాదాయ కమిషనర్ ఆఫీసులో ఇవ్వాలి. ఆశయాల పత్రం, నియమావళి, ఏడుగురి గుర్తింపు పత్రాలు, క్లబ్బు చిరునామాకు ఇంటి యజమాని సమ్మతి, ఇంటిపన్ను రసీదు జతచేయండి. ఒకే ఇంటివాళ్లతో ఏడుగురిని నింపకండి.

మన తెలుగువాళ్ల కాగితాలు తిరిగొచ్చేది ఎక్కువగా పేర్ల దగ్గరే. బడి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంటుంది. ఆధార్‌లో మరాఠీ పద్ధతిలో పేరు, తండ్రిపేరు, చివర ఇంటిపేరు. పాన్‌కార్డులో ఒక్క పొడి అక్షరం. ఏడుగురి కార్డులూ బల్లమీద వరసగా పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే ముందే సరిచేయించి, అదే పేరు అన్ని పత్రాల్లోనూ రాయండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టించండి. అసలు క్లబ్బులు మూతపడేది ఇక్కడ కాదు, కొత్త కమిటీని ఎన్నుకున్నాక. కమిటీ మారిందని చెప్పే ఛేంజ్ రిపోర్ట్‌ను 90 రోజుల్లో ధర్మాదాయ కమిషనర్ ఆఫీసులో వేయాలి. వేయకపోతే అక్కడి రిజిస్టరులో, అంటే షెడ్యూల్ వన్‌లో, పాత పేర్లే ఉండిపోతాయి. కొత్త కార్యదర్శి సంతకం చెల్లదంటుంది బ్యాంకు, పాత కార్యదర్శేమో ఊరు విడిచిపోయి ఉంటాడు. డబ్బు ఖాతాలో ఉన్నా పిల్లలకు మ్యాట్ కొనలేరు. ఎన్నిక జరిగిన రోజే తీర్మానం రాసి, సమావేశం నోటీసు పంపిన రుజువు దాచుకోండి.

ప్రశ్న: రిటైరయ్యాను, ఇప్పుడు సర్పంచిని. కబడ్డీ క్లబ్బుకూ నేనే అధ్యక్షుణ్ణి. పంచాయతీ సొమ్ముతో కోర్టు వేయించవచ్చా?
– ధర్మాబాద్ తాలూకా, నాందేడ్ జిల్లా

జవాబు: వేయించవచ్చు. అయితే ఆ పని కాంట్రాక్టు మీకు గాని, మీరు వాటాదారుగా ఉన్నవారికి గాని దక్కకూడదు. పంచాయతీ చట్టం 14వ సెక్షన్ కింద సభ్యత్వమే పోతుంది. జర్మన్ మునిసిపల్ చట్టాల్లో సొంత ప్రయోజనం ఉన్న కౌన్సిలర్ ఆ చర్చలోనూ ఓటింగ్‌లోనూ పాల్గొనకూడదు. మీరూ ఆ అంశం వచ్చినప్పుడు పక్కకు తప్పుకుని, ఆ సంగతి మినిట్స్‌లో రాయించండి.

పురుషుల కోర్టు 13 × 10 మీటర్లు. రెండు పక్కలా మీటరు చొప్పున ఉండే పట్టీలు, అంటే లాబీలు, ఆ పదిలోనే కలిసి ఉంటాయి. విడిగా కలిపి 12 మీటర్లు వేయించి తర్వాత చెరిపేవాళ్లు చాలామంది. మధ్యగీత నుంచి, కూతకు వచ్చినవాడు దాటాల్సిన బాక్ లైన్ 3.75 మీటర్లు, అక్కడి నుంచి మరో మీటరుకు బోనస్ లైన్. సున్నం పోసే ముందు మూల నుంచి మూలకు తాడు పట్టండి, రెండు వైపులా 16.40 మీటర్లు రావాలి. రాకపోతే మేకులు కదిలించి మళ్లీ కొలవండి.