డాక్టర్ కాకుండా గుండె మీద పరిశోధన చేయొచ్చా?

ప్రశ్న: బైపీసీ చదివి ఎమ్మెస్సీ జువాలజీ చేశాను. గుండె ఫిజియాలజీలో (గుండె పనిచేసే తీరు మీద) పీహెచ్‌డీ చేయాలనుంది. ఇంట్లో ‘ఎంబీబీఎస్ లేకుండా గుండె గురించి నువ్వేం కనిపెడతావ్’ అంటున్నారు. పైగా ఈ రంగంలో లెక్కలు, కంప్యూటర్ మోడళ్లు ఎక్కువట, ఆ మాట వింటేనే టెన్షన్. మా నాన్నగారు గుండెజబ్బుకి ఐవాబ్రడిన్ వాడుతున్నారు, నా ఆసక్తి అక్కడే మొదలైంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చేయొచ్చమ్మా, నిక్షేపంగా చేయొచ్చు. ఇంట్లోవాళ్లకి, ఎంబీబీఎస్ లేకుండానే గుండె లయను కంప్యూటర్ లెక్కల్లో చూపించిన శాస్త్రవేత్త డెనిస్ నోబుల్ గారి గురించి చెప్పండి (ఇది ఆయన ఇంటిపేరు, నోబెల్ బహుమతితో సంబంధం లేదు). 1936లో లండన్‌లో ఒక దర్జీ కుటుంబంలో పుట్టారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిజియాలజీ చదివి, అక్కడే ఒట్టో హట్టర్ దగ్గర పీహెచ్‌డీ చేశారు.

కబేళా నుంచి తాజా గొర్రె గుండె తెచ్చుకుని, అందులో విద్యుత్ సంకేతాన్ని మోసుకెళ్లే సన్నటి పర్కింజీ పోగుల్ని విడదీసి, వెంట్రుక కంటే ఎంతో సన్నని గాజు ఎలక్ట్రోడ్‌ను ఒక్కో పోగులో గుచ్చి కొలిచేవారు. నరంలో ఈ సంకేతం ఒకటి రెండు మిల్లీసెకన్లలో అయిపోతుంది, గుండె కండరంలో వందల మిల్లీసెకన్లు సాగుతుంది. ఎందుకు? కణంలోంచి పొటాషియం బయటికి పోయే దారుల్లో కొన్ని, సంకేతం మొదలవగానే మూసుకుంటాయని, అందుకే అది అంతసేపు సాగుతుందని ఆయనా హట్టరూ చూపించారు.

దాన్ని సమీకరణాల్లో పెట్టాలంటే లెక్కలు కావాలి, ఆయనకేమో పెద్దగా రావు. పీహెచ్‌డీ మధ్యలోనే వెళ్లి లెక్కల క్లాసుల్లో కూర్చున్నారు! లండన్ యూనివర్సిటీలో ఉన్న మెర్క్యురీ కంప్యూటర్ మీద ఆయనకి దొరికింది రాత్రి 2 నుంచి 4 దాకా, ఇంకెవరికీ అక్కర్లేని టైము. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదీ: ఆ సమీకరణాల్లో ‘ఇప్పుడు కొట్టుకో’ అని ఎక్కడా రాయలేదు, అయినా లెక్క నడిపితే లయ దానంతటదే వచ్చింది. 1960లో ఈ పని ‘నేచర్’ సైన్స్ పత్రికలో అచ్చయ్యేనాటికి ఆయనకి 24 కూడా నిండలేదు. 1963లో ఆక్స్‌ఫర్డ్ చేరి, 1984 నుంచి 2004 దాకా అక్కడే హృదయ ఫిజియాలజీ ప్రొఫెసర్‌గా ఉన్నారు.

ఇక మీ నాన్నగారి మాత్ర సంగతి. అడ్రినలిన్ గుండెవేగాన్ని ఎలా పెంచుతుందో వెతుకుతూ హిల్లరీ బ్రౌన్, డారియో డిఫ్రాంచెస్కో, సుసాన్ నోబుల్ 1979లో ఆక్స్‌ఫర్డ్‌లోనే గుండె కణాల్లో ఒక వింత కరెంటు పట్టుకున్నారు, దానికి పేరు కూడా ‘ఫన్నీ కరెంట్’ అనే పడింది. ఐవాబ్రడిన్ తగ్గించేది ఆ కరెంటునే, అలా గుండెవేగం తగ్గుతుంది. ఈ ముక్క ఇంట్లో తప్పకుండా చెప్పండి.

మీరు లైఫ్ సైన్సెస్ నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాయండి, జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే ఖర్చుల బాధ ఉండదు. గైడ్‌ను ఎంచుకునేముందు ఆ ల్యాబ్‌లో కణాల కరెంట్లు కొలిచే పరికరం నిజంగా వాడుతున్నారో లేదో వెళ్లి కళ్లారా చూసి రండి, వెబ్‌సైట్ నమ్మకండి. లెక్కలకి కోచింగ్ వద్దు, తెలుగు అకాడమీ ఇంటర్ 1బీ, 2బీ పుస్తకాలు తెచ్చుకుని అవకలనం, సమాకలనం, అవకలన సమీకరణాలు రోజుకో గంట చేయండి.