డిప్లొమా అంటే మా వారికి చిన్నచూపు

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది, మెకానికల్ డిప్లొమా చేస్తానంటున్నాడు. 'ఇంటర్ చదవలేనివాళ్ల చదువది' అంటూ మా వారు ఒక ప్రైవేటు కాలేజీలో ఎంపీసీకి అడ్వాన్సు కట్టి వచ్చారు. తండ్రీకొడుకుల మధ్య మాటలు లేవు. మధ్యలో నేను నలిగిపోతున్నాను.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ రాయబారం మానేయండి. ఇటు మాట అటు మీరు చేరవేస్తున్నంత కాలం వాళ్లిద్దరికీ ఎదురుపడాల్సిన అవసరమే రాదు.

ఇంజినీరింగ్ దారి మూసుకుపోతుందని మీ వారి భయం కావచ్చు. మూసుకోదు. డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, ర్యాంకును బట్టి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంటర్ 2, బీటెక్ 4 కలిపితే ఆరేళ్లు. ఇటు డిప్లొమా 3, బీటెక్ 3. అదీ ఆరే. పైగా చేతిలో డిప్లొమా ఉంటుంది. రైల్వేలో జూనియర్ ఇంజినీరు పోస్టుకు దాంతోనే దరఖాస్తు చేయవచ్చు. ఈ లెక్క మీరు చెబితే కొడుకును వెనకేసుకొచ్చినట్టు ఉంటుంది. వాడి చేతే చెప్పించండి. ఆ అడ్వాన్సు వెనక కాస్త పరువు పట్టింపు కూడా ఉందని నా అనుమానం. దాన్ని మాత్రం ఎత్తిపొడవకండి.

అబ్బాయినీ నిలదీయాలి. మెకానికలే ఎందుకు? స్నేహితుడు చేరుతున్నాడనా? దగ్గర్లోని ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు ఇద్దరినీ కలిపి పంపండి. వర్క్‌షాపులో లేత్ మిషను దగ్గర నిలబడి చూడనివ్వండి. ఆకురాయితో గంటల తరబడి ఇనుప ముక్కను అరగదీసే పని కూడా ఆ చదువులో భాగమేనని వాడికి తెలియాలి. జేఈఈ రాయాలన్న ఆశ వాడి మనసులో ఏ మూలనైనా ఉంటే ఇంటరే మేలు, అప్పుడు మీ వారి మాటే సరైనది.

ఈలోగా పాలిసెట్ కౌన్సెలింగ్ గడువు దాటనివ్వకండి. నాలుగు నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ ధ్రువపత్రం సిద్ధం చేసుకుని సర్టిఫికెట్ల పరిశీలన ముగించండి. వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టినంత మాత్రాన చేరిపోయినట్టు కాదు. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పండి, సగం గొడవ తగ్గుతుంది. ర్యాంకునూ మీరిచ్చిన వరుసనూ చూసే సీటు ఇస్తారు కాబట్టి, ఆ వరుస రాసేటప్పుడు మీ వారిని పక్కన కూర్చోబెట్టండి. ఇంటర్ కాలేజీవాళ్లు ఒరిజినల్ టీసీ అడిగితే మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. ఇచ్చాక వెనక్కి తెచ్చుకోవడం మరో యుద్ధం.

ఆయన ససేమిరా అంటే, అబ్బాయికి లెక్కలు చెప్పిన మాస్టారిని ఒకసారి ఇంటికి పిలవండి. బంధువులను పిలవకండి.