‘రాకీ, రాకు!’ అంటే పరుగెత్తుకొస్తుంది మరి

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది రాయగడ. మా లాబ్రడార్ పేరు రాకీ, మగది, ఏడు నెలలు. ఇంటికి ఎవరొచ్చినా మీద పడిపోతుంది, చేతులు నోట్లో పెట్టుకుని నమిలేస్తుంది. పోయిన వారం పాలబ్బాయి చేతికి పన్ను గీసుకుని రక్తం వస్తే పసుపు రాసి పంపించాం. ‘రాకీ, రాకు! రాకు!’ అని నేను ఎంత అరిచినా ఇంకా మీదకే వస్తుంది. ఇంట్లో మేం తెలుగు, పనమ్మాయి ఒడియా, పిల్లలు దాంతో ఇంగ్లిష్. ట్రైనర్ని పెడదామంటే ఇద్దరు దొరికారు. ఒకాయనది విశాఖపట్నం. రెండు నెలలు తన దగ్గరే ఉంచుకుని నేర్పి పంపిస్తాడట. నూటికి నూరు శాతం గ్యారంటీ అంటున్నాడు, డబ్బు మొత్తం ముందే ఇవ్వాలట. రెండో ఆయన ఇక్కడివాడే, సీఆర్‌పీఎఫ్ డాగ్ స్క్వాడ్‌లో చేసి రిటైరయ్యాడు. వారానికి మూడు రోజులు ఇంటికే వస్తాడట, కానీ ఆ టైముకి ఇంట్లో వాళ్లంతా ఉండాలంటున్నాడు. అందరికీ ఖాళీ ఎక్కడ? మా వారు విశాఖకే పంపేద్దామంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: అమ్మా, ట్రైనర్ సంగతి తర్వాత. ముందు పాలబ్బాయి సంగతి చూడండి. పసుపు రాసి పంపించామని ఎంత తేలిగ్గా రాశారు! పన్ను తగిలి రక్తం వచ్చిందంటే అది కాటు కిందే లెక్క. పెంపుడు కుక్కయినా, ఆటలో తగిలినా అంతే. అలాంటి గాయాన్ని వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు. వారం దాటిపోయింది కదా అని ఊరుకోవద్దు. ఇవాళే అతన్ని మీరే వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి, అక్కడ టీకా ఉచితం. రాకీ టీకా కార్డు కూడా పట్టుకెళ్లండి. రేబిస్ టీకా పడిందో లేదో మీ ఉత్తరంలో లేదు. మూడో నెలలో మొదటిది పడి ఉండాలి, ఆ పైన డాక్టర్ చెప్పిన ప్రకారం ఏటా. పడకపోతే ఆ మాట ఆసుపత్రిలో దాచకండి.

ఇక ట్రైనర్. మీ వారి ఆలోచన నాకు బాగా తెలుసు, ఒకప్పుడు నేనూ అదే చేశాను. అప్పుడు నాకు గుణుపూర్‌లో పోస్టింగ్. రోజంతా ఊళ్లు తిరిగి ఆవులకీ మేకలకీ సూదులేసి వచ్చేసరికి ఇంట్లో జర్మన్ షెపర్డ్ నా చెప్పులన్నీ నమిలేసి ఉండేది. పేరు భీముడు. ఎవరో చెబితే ఓ పెద్ద ఊరి ట్రైనర్ దగ్గర నలభై అయిదు రోజులు వదిలేశాం. తిరిగి తెచ్చినరోజు ఆ పెద్దమనిషి మా వాకిట్లోనే వేషాలన్నీ వేయించాడు. ‘బైఠ్’ అంటే కూర్చుంది, ‘లేట్’ అంటే పడుకుంది, సెల్యూట్ కూడా చేసింది. వీధిలో వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను మురిసిపోయి మిగతా డబ్బు ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున్న మా వారు పేపరు మడిచి చేత్తో పట్టుకుని అరుగు మీదికి వచ్చారు. భీముడు ఆ మడిచిన పేపరు చూసి, ఉన్నచోటే ఉచ్చ పోసుకుని, వెల్లకిలా పడి కాళ్లు ముడుచుకుంది. ఆ తర్వాత మూడు నెలలు మా ఇంట్లో పేపరు మడవలేదు, విప్పినట్టే బల్ల మీద పరిచి చదివేవాళ్లం. నేను ‘బైఠ్’ అంటే మొహం పక్కకి తిప్పుకునేది. అది నేర్చుకున్నది ఆ మనిషి గొంతుకి, ఆ మనిషి చేతికి. కుక్క మనసు గురించి పరీక్ష రాసి పాసైన నేను ఒక్క క్లాసయినా కళ్లతో చూస్తానని అడగలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

విశాఖ ట్రైనర్ అలాంటివాడని నేననడం లేదు. ఆయన ఎవరో నాకు తెలియదు. కానీ మీ రాకీకి ఉన్న కష్టమల్లా మీ గుమ్మంలోనే ఉంది. పాలబ్బాయి, బెల్లు, పనమ్మాయి చీపురు, పిల్లల అరుపులు. ఇవేవీ విశాఖలో ఉండవు. అక్కడ చక్కగా కూర్చున్నది మీ గుమ్మంలో కూర్చుంటుందన్న నమ్మకం లేదు. పైగా ప్రయాణం ఒకటి. రైల్లో ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం మీకే దొరికితే తప్ప కుక్కను పక్కన కూర్చోబెట్టుకోనివ్వరు, గార్డు దగ్గర డబ్బాలో పెడతారు. ఏడు నెలల కుర్రకుక్క ఎండాకాలంలో ఆ ఇనప డబ్బాలో విశాఖ దాకా! వద్దు తల్లీ.

గ్యారంటీ మాటంటారా, మిక్సీకి ఇస్తారు గ్యారంటీ. ప్రాణం ఉన్నదానికి ఇచ్చేవాణ్ని నేను నమ్మను.

నాకు మీ ఊరాయన మాటలో ఒకటి బాగా నచ్చింది, మీకు అదే కష్టంగా తోచింది. ఇంట్లో వాళ్లంతా ఉండాలన్నాడు చూశారా, పని తెలిసినవాడు అలాగే అంటాడు. ట్రైనింగ్ సగం కుక్కకైతే సగం మనకి. అయినా డాగ్ స్క్వాడ్ అన్న మాట వినగానే ఒప్పేసుకోకండి. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో బీఎస్‌ఎఫ్ వాళ్లకి కుక్కల శిక్షణ కేంద్రం ఉంది, బెంగళూరు పక్కన సీఆర్‌పీఎఫ్ వాళ్లదీ ఉంది. మందుపాతర వాసన పట్టే కుక్క దాన్ని పట్టుకోగానే బంతి ఇచ్చి ఆడిస్తారు, ఆ బంతి కోసమే అది పని చేస్తుంది. ఆ పద్ధతి వంటపట్టిన హ్యాండ్లర్ దొరికితే మీ అదృష్టం. అదే యూనిఫాంలోంచి వచ్చి పరేడ్ గ్రౌండ్ గొంతూ గొలుసు ఝాడింపులూ మాత్రమే తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ బోర్డు ఒకటే.

కాబట్టి టీ ఇచ్చి కూర్చోబెట్టి రెండు మాటలు అడగండి. ‘అది చెప్పినట్టు చేస్తే ఏమిస్తారు? చెయ్యకపోతే ఏం చేస్తారు?’ అని. మొదటిదానికి జేబులోంచి తిండి ముక్కో బంతో తీసి చూపించాలి. రెండోదానికి ‘ఇంకొంచెం సులువు చేసి మళ్లీ అడుగుతా’ అన్న అర్థం వచ్చే జవాబు రావాలి. ముళ్ల పట్టీ, కరెంటు కాలరు, ‘ఓ రెండు తగిలిస్తే దారికొస్తుంది’ అన్నవి వినబడితే టీ తాగనిచ్చి పంపించేయండి. కరెంటు కాలర్లని వేల్స్ దేశంలో 2010లోనే నిషేధించారు. మన దగ్గర జంతువుల మీద క్రూరత్వ నిరోధక చట్టం 1960 నాటిది, కుక్కని కొట్టి హింసించడం దాని ప్రకారం నేరమే. అయితే మొదటిసారి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. మా పర్లాకిమిడిలో యాభైకి ఇద్దరికి కడుపునిండా టిఫిన్ కూడా రాదు, ఇక భయమెక్కడ?

ఇంకో మాట కూడా మీకు వినిపించవచ్చు. ‘మీరే లీడర్ అని దానికి తెలియాలమ్మా, వెల్లకిలా పడేసి నొక్కి పట్టుకోవాలి’ అని. ఇది తోడేళ్ల నుంచి వచ్చిన కథ. 1940లలో బోనుల్లో ఉన్న, ఒకదానికొకటి ఏమీ కాని తోడేళ్లని చూసి అల్లిన సిద్ధాంతం. దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఒకరైన డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్తే అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి చూసి, గుంపును నడిపేవి తల్లీ తండ్రీ తప్ప రౌడీలు కావని 1999లో రాశాడు. మన ట్రైనర్లకి ఆ కబురు ఇంకా అందలేదు.

తర్వాత ఆయన క్లాసు ఒకటి చూడండి, రాకీతో కాదు, ఇంకెవరి కుక్కతోనో. అప్పుడు మీ కళ్లు ట్రైనర్ మీద కాదు, కుక్క మీద ఉండాలి. తోక కాళ్ల మధ్యకి పోయిందా? తిండి లేకుండానే మూతి నాక్కుంటోందా? నిద్ర లేకుండానే ఆవలిస్తోందా? కంటి తెల్లగుడ్డు పక్కకి కనబడుతోందా? అవన్నీ భయమే. మొరిగే కుక్క కరవదని మనవాళ్లు అంటారు గానీ, నా చేతి మీద మచ్చల్లో రెండు బాగా మొరిగిన కుక్కలవే. ఆయన వచ్చేసరికి కుక్క ఒళ్లంతా ఊపుకుంటూ ఎదురెళితే చాలు, మిగతా సర్టిఫికెట్లు నాకక్కర్లేదు.

ఇద్దరూ నచ్చకపోతే? పశువుల ఆసుపత్రి వరండాలో పొద్దున్న ఓ గంట కూర్చోండి. సూదికి వచ్చిన కుక్కల్లో ఏదో ఒకటి యజమాని కాలి పక్కన నిశ్శబ్దంగా, తేలిగ్గా కూర్చుని ఉంటుంది. ఎవరు నేర్పారని ఆ యజమానిని అడగండి. ‘మేమే’ అంటే ఎలాగో అడగండి. ఆసుపత్రి అటెండర్‌ని కూడా అడగండి, ఏ ట్రైనర్ కుక్కలు వణుక్కుంటూ వస్తాయో మాకన్నా అతనికే బాగా తెలుసు.

ఇప్పుడు మీ ‘రాకు’ సంగతి. అది చదివి నాకు నవ్వాగలేదు, ఏమీ అనుకోకండి. దాని పేరు రాకీ. పిలిచేటప్పుడు ‘రా’. వద్దనేటప్పుడు ‘రాకు’. మూడింటికీ మొదలు ఒకటే! వ్యాకరణం మనది, దానికి వినబడేది ‘రా’ అన్న ముక్కే. మీరు ‘రాకు రాకు’ అని కంగారుగా అరుస్తుంటే అమ్మ గట్టిగా రమ్మంటోందని అది ఇంకా ఉత్సాహంగా వస్తోంది, పాపం. పైగా కూర్చోమనడానికి మీరు ‘కూర్చో’, పనమ్మాయి ‘బొస్’, పిల్లలు ‘సిట్’. ఏ భాషయినా కుక్కకి పర్వాలేదు, పనికి ఒక్క మాటే ఉండాలి. ఒక కాగితం మీద నాలుగే నాలుగు మాటలు రాసి ఫ్రిజ్‌కి అంటించండి. నన్నడిగితే కూర్చోడానికి ‘సిట్’ పెట్టుకోండి, పనమ్మాయికీ పిల్లలకీ ట్రైనర్‌కీ అందరికీ నోరు తిరుగుతుంది. పిలవడానికి ‘ఇటు’. వద్దనడానికి ‘ఊహూఁ’. వదలమనడానికి ‘వదులు’. ట్రైనర్ వచ్చిన రోజు ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి. ‘నా పద్ధతిలో కమాండ్లు హిందీలోనే’ అని పట్టుబడితే ఆయన రాకీకి నేర్పుతాడేమో గానీ మీ ఇంటికి నేర్పడు.

ఆయన కుదిరేలోపు పాలబ్బాయి పాఠం మీరే మొదలుపెట్టచ్చు. మీ ఊళ్లో మిఠాయి కొట్టువాడిని చక్కెర కలపని పచ్చి ఛెనా (పాలు విరిచి తీసిన ముద్ద) కొంచెం అడిగి తెచ్చుకోండి. శనగగింజంత ముక్కలు చాలు, ఆ మేరకు పూట తిండి తగ్గించండి, లాబ్రడార్లకి ఒళ్లు ఇట్టే వస్తుంది. రాకీకి పట్టీ వేసి గుమ్మానికి పది అడుగుల దూరంలో ఉంచండి. మీ అబ్బాయిని బయటికి పంపి బెల్లు కొట్టించండి. కూర్చున్న క్షణంలో ముక్క నోట్లో పడాలి. మూడు సెకన్లు ఆలస్యమైతే అది లేచి గెంతినందుకు ఇచ్చినట్టు లెక్క. గెంతితే అరవద్దు, తొయ్యద్దు. చెట్టులా నిలబడి మొహం తిప్పేసుకోండి. అరుపు కూడా దానికి ఆటే. పూటకి పది నిమిషాలు, పొద్దున్న ఆరు లోపు ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి. ఇంటివాళ్లతో కుదిరాకే పాలబ్బాయి, అదీ అతని టీకాలు పూర్తయి అతను సరేనంటేనే. అంతదాకా పాలు తీసుకునే టైముకి రాకీ లోపలి గదిలో ఉండాలి.

అందరికీ ఖాళీ ఎక్కడ అన్నారు. వారానికి మూడు గంటలు లేకపోతే ముప్ఫయి కిలోల కుక్కతో పన్నెండేళ్లు ఎలా ఉంటారమ్మా? మీ వారికి ఈ వాక్యం ఒక్కటీ చదివి వినిపించండి.

ప్రశ్న: మాది వీధిలోంచి తెచ్చుకున్న నాటు కుక్క. ‘జాతి కుక్కలకే ట్రైనింగ్, వీటికి రాదు’ అని ఒక ట్రైనర్ వెనక్కి పంపించేశాడు. నిజమా?

– ఒక పాఠకుడు, గుణుపూర్

జవాబు: ఆయనకి రాదు, కుక్కకి కాదు. కర్ణాటక ముధోల్ కుక్కలు మన దేశవాళీవే, వాటిని మీరట్‌లో సైన్యం తీసుకుని పని నేర్పించింది. వీధి కుక్కకి కొత్త మనిషి మీద అనుమానం ఎక్కువ, అందుకని మొదటి వారం ఏ పాఠమూ లేకుండా ఉత్త స్నేహం చేసే ఓపిక ఉన్న ట్రైనర్ కావాలి, అంతే.

మా ఇంట్లో ఇప్పుడున్నదీ మహేంద్రతనయ నది ఒడ్డున దొరికిందే. దానికి వంటింట్లోంచి వెళ్లిపొమ్మనడానికి ‘పో’ నేర్పాను. పక్కింటి ఒడియా మౌసీకి అదంటే ప్రాణం. ‘ఆ, మో పో’ అని పిలుస్తుంది. నా కొడుకా రా అని అర్థం. పాపం మౌసీ ముద్దుగా పిలిచినప్పుడల్లా ఇది చిన్నబుచ్చుకుని వెనక్కి తిరిగి వచ్చేసేది. మౌసీ ఊరుకుంటుందా? చేప ముక్క చేత్తో పట్టుకుని నెలరోజులు పిలిచింది. ఇప్పుడు నేను వంటింట్లో ‘పో’ అంటే చాలు, గోడ దూకి తిన్నగా మౌసీ ఇంటికి పోతోంది.