మూడు రోజుల న్యూయార్క్, ఇద్దరు చిన్నపిల్లలు

ఈ మధ్య ఇండియా నుంచి కొత్తగా వచ్చిన ఒకాయన లాంగ్ వీకెండ్‌కి న్యూయార్క్ వెళ్తున్నామంటూ తన ప్లాన్ చూపించాడు. శనివారం ఒక్కరోజులోనే లిబర్టీ విగ్రహం, వాల్ స్ట్రీట్ ఎద్దు బొమ్మ, బ్రూక్లిన్ బ్రిడ్జి, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్, రాత్రికి టైమ్స్ స్క్వేర్. బాబుకి నాలుగేళ్లు, పాపకి ఏడాదిన్నర. "ఇంత దూరం వెళ్లి చూడకుండా వస్తే ఎలాగండీ, మళ్లీ ఎప్పటికి కుదురుతుందో" అన్నాడు. ఆ ఆరాటం నాకు తెలుసు. మేము మొదటిసారి వెళ్లినప్పుడూ అదే ఆరాటం.

అప్పుడు మా అమ్మాయికి మూడేళ్లు. మధ్యాహ్నం రెండింటికి, సరిగ్గా తను నిద్రపోయే వేళకి, ఒక ఎత్తైన భవనం ఎక్కడానికి లైన్లో నిలబడ్డాం. పైకి చేరేసరికి నా భుజం మీద వాలిపోయింది. ఊరంతా కాళ్ల కింద కనిపిస్తుంటే మేమిద్దరం వంతులవారీగా చూసి దిగి వచ్చేశాం. రాత్రి హోటల్లో "ఇవాళ ఏం చూశావమ్మా?" అని అడిగితే, సబ్వే రైలు స్టేషన్లో ప్లాస్టిక్ బకెట్లు బోర్లించుకుని డప్పులా వాయించినాయన గురించి చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు.

అప్పటినుంచి అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. రోజుకి ఒక్క పెద్ద చోటు, అదీ పొద్దున్నే. మధ్యాహ్నం పిల్లల నిద్రకి వదిలేయండి. సాయంత్రం ఏది చూడగలిగితే అది చూడండి.

లిబర్టీ విగ్రహం సంగతే తీసుకోండి. కిరీటం దాకా ఎక్కాలంటే పిల్లలకి కనీసం 42 అంగుళాల ఎత్తుండాలి. పీఠం పైనుంచి కిరీటానికి 162 మెట్లు, ఇరుకైన చుట్టుమెట్లు. చంటిపిల్లతో అది మీకు పనికిరాదు. దీవికి వెళ్లాలన్నా పడవ ఎక్కేముందు ఎయిర్‌పోర్టులోలా చెకింగ్, లైను. ఆ పడవలు బయలుదేరే బ్యాటరీ పార్కు దగ్గర దారికి అడ్డంపడి టికెట్లు అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనకండి, వాళ్లు అమ్మే పడవలు దీవి దగ్గర ఆగకపోవచ్చు. నన్నడిగితే పిల్లలు ఐదారేళ్లు దాటేదాకా స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ చాలు. పైసా ఖర్చు లేదు, రాత్రింబవళ్లు తిరుగుతుంది, స్ట్రోలర్ (పిల్లల బండి) తోసుకుంటూ లోపలికి వెళ్లిపోవచ్చు. మన్‌హటన్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు నిలబడితే విగ్రహం బాగా కనిపిస్తుంది. ప్రయాణం 25 నిమిషాలు. అవతలి ఒడ్డున అందరూ దిగి, మళ్లీ ఎక్కాలి. పిల్లలకి విగ్రహం కంటే పడవే ముద్దు, పడవ వెనక ఎగిరే పక్షులు ఇంకా ముద్దు.

రెండో రోజు నేచురల్ హిస్టరీ మ్యూజియానికి పెట్టుకోండి. పదింటికి తలుపులు తీయగానే నేరుగా నాలుగో అంతస్తుకి, డైనోసార్ల దగ్గరికి వెళ్లిపోండి, తర్వాత రద్దీ పెరుగుతుంది. అవి చూశాక కిందికి దిగి తిమింగలం హాలుకి. 94 అడుగుల నీలి తిమింగలం బొమ్మ పైకప్పు నుంచి వేలాడుతుంటుంది. హాలంతా నీలంగా, సముద్రం అడుగున ఉన్నట్టుంటుంది. పిల్లలు నేల మీద వెల్లకిలా పడుకుని దాని పొట్టకేసి చూస్తుంటారు. మీరూ వాళ్ల పక్కన కూర్చోండి, తొందరపెట్టకండి. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ నివాసులైతే టికెట్టుకి మీరు ఎంత ఇవ్వదలిస్తే అంతే. బయటికొచ్చి రోడ్డు దాటితే సెంట్రల్ పార్కు. 843 ఎకరాల పార్కు మొత్తం తిరగాలనుకోవద్దు. ఎదురుగా 81వ వీధి దగ్గరే పిల్లల ఆటస్థలం ఉంది, అక్కడ ఆగిపోండి.

కారు మన్‌హటన్‌లోకి తీసుకెళ్లకండి. 2025 జనవరి నుంచి 60వ వీధికి దిగువన అడుగుపెడితే పగటిపూట 9 డాలర్ల టోల్, దానికి తోడు పార్కింగ్ ఖర్చు. నది అవతల జెర్సీ సిటీలో హోటల్ తీసుకుని, అక్కణ్ణుంచి మన్‌హటన్‌కి నడిచే పాత్ (PATH) ట్రైన్‌లో వెళ్లడం మేలు. జర్నల్ స్క్వేర్ స్టేషన్ దగ్గర నెవార్క్ అవెన్యూలో మన హోటళ్లు వరసగా ఉంటాయి, రాత్రికి పిల్లలకి ఇడ్లీయో పెరుగన్నమో దొరుకుతుంది. సబ్వేలో 44 అంగుళాల లోపు పిల్లలకి టికెట్ లేదు. కాకపోతే ఉన్న 472 స్టేషన్లలో సగానికి పైగా లిఫ్టు లేదు. అందుకే బరువైన స్ట్రోలర్ ఇంట్లోనే ఉంచి, ఒంటిచేత్తో మడిచే తేలికపాటిది తెచ్చుకోండి. బాత్రూమ్ ఎక్కడుందో ముందే చూసిపెట్టుకోండి. పెన్ స్టేషన్ ఎదుటి మొయినిహాన్ హాల్లో, బ్రయంట్ పార్కులో శుభ్రంగా ఉంటాయి.

ఒక్క మాట మాత్రం మర్చిపోకండి. మన పిల్లలకి అమ్మానాన్నల పేర్లు తెలియవు. తప్పిపోయిన పిల్లాడు పోలీసుకి "నాన్న" అని చెబితే ఏం ఉపయోగం? బయలుదేరే ముందు వారం రోజులు మీ పూర్తి పేరు, ఫోన్ నంబరు పాటలా వల్లె వేయించండి. నంబరు రాసిన బ్యాండ్ చేతికి కట్టండి. పెద్దవాళ్లు మీతో ఉంటే, ట్రైన్ తలుపులు మధ్యలో మూసుకుపోయినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోండి. ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే నిలబడాలి, మిగిలినవాళ్లు వెనక ట్రైన్లో వస్తారు.

టైమ్స్ స్క్వేర్ పది నిమిషాలు చాలు. బొమ్మల వేషాలు వేసుకున్నవాళ్లు పిల్లల్ని దగ్గరికి తీసుకుని ఫొటో దిగుతారు, దిగాక డబ్బులు అడుగుతారు. ఆ సమయం గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కి ఇవ్వండి. 1913లో కట్టింది, చూడటానికి టికెట్ లేదు. దిగువ అంతస్తుకి వెళ్లే దారిలో కమానుల కింద నాలుగు మూలలుంటాయి. ఒక మూలలో గోడకేసి గుసగుసగా మాట్లాడితే ఐమూలగా ఎదురుగా ఉన్న మూలలో వినిపిస్తుంది. మావాడికి ఐదేళ్లప్పుడు గోడకి చెవి ఆనించి నిలబెట్టి, నేను ఇటునుంచి "ఒరేయ్ బుజ్జిగా, ఐస్‌క్రీమ్ కావాలా?" అన్నాను. తుళ్లిపడి వెనక్కి చూశాడు, నేను దూరంగా ఉన్నాను. మళ్లీ గోడకి చెవి పెట్టి, రాయికే జవాబు చెప్పాడు, "రెండు కావాలి" అని. అరగంట అక్కణ్ణుంచి కదల్లేదు.

మూడో రోజు పూర్తి రోజు అనుకోకండి. పొద్దున 59వ వీధి దగ్గర రూజ్‌వెల్ట్ ఐలాండ్ ట్రామ్ ఎక్కండి, ఒక్కో వైపుకి సబ్వే చార్జీతోనే నది మీదుగా గాల్లో వెళ్లి రావచ్చు. పదకొండుకల్లా భోజనం పెట్టేసి బయలుదేరితే, దారిలో ఇద్దరూ నిద్రపోతారు.