డేటా సెంటర్ స్విచ్‌లలో ట్రాఫిక్‌కు ప్రాధాన్యాలు, వాటాలు పెట్టడం అవసరమా? పెద్ద లింకులు వేసుకుంటే సరిపోదా?

సరిపోదు. మా యజమాని చేత డబ్బు ఖర్చు పెట్టించాక తెలిసిన సంగతి ఇది.

మాది పశ్చిమ డెల్టా శివారు, మొగల్తూరు వైపు. భీమవరం దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఒక సంస్థలో సర్వర్లు, స్విచ్‌లు చూసుకునేవాణ్ణి. పెద్ద డేటా సెంటర్ ఏమీ కాదు. మూడు ర్యాకులు, రెండు స్విచ్‌లు, వాటి మధ్య 10 గిగాబిట్ల లింకు. స్టోరేజ్ ఒక స్విచ్ మీద, సర్వర్లు రెండో దాని మీద. రాత్రి 11 గంటలకు బ్యాకప్ మొదలయ్యేది. పది నిమిషాలు తిరక్కుండా షిఫ్టు వాళ్ల ఫోను: "సార్, తూకం స్క్రీను కదలడం లేదు." గేటు దగ్గర లారీ నిలబడి ఉంటుంది, ఐసు కరుగుతుంటుంది, బిల్లు రాదు.

స్విచ్‌లు అమ్మినవాళ్లు మీరు అడిగినదే సలహాగా చెప్పారు. ఇంకో లింకు కలిపి 20 గిగాబిట్లు చేశాం. కొన్నాళ్లు హాయిగా ఉంది. తర్వాత బ్యాకప్ సర్వర్లు రెండయ్యాయి, మళ్లీ అవే ఫోన్లు. డేటాను మోసుకెళ్లే టీసీపీ పద్ధతి స్వభావమే అంత. ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, దారిలో పడిపోయేదాకా వేగం పెంచుకుంటూనే పోతుంది. ఖాళీ ఎంత చూపిస్తే అంతా తాగేస్తుంది.

అప్పుడు నేను స్టోరేజ్ పోర్టుల నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్‌నూ స్ట్రిక్ట్ ప్రయారిటీ క్యూలో, అంటే అందరికంటే ముందు కదిలే వరుసలో, వేశాను. ఆ క్యూలో ఒక్క ప్యాకెట్ మిగిలి ఉన్నా స్విచ్ కింది క్యూల వైపు చూడదు. ఆ రాత్రి తూకం స్క్రీనే కాదు, లాగిన్లు కూడా ఆగిపోయాయి. ఇంటి నుంచి స్విచ్‌లోకి వెళ్లడమే కుదరలేదు. బండి వేసుకుని వెళ్లి, కన్సోల్ కేబుల్ పెట్టి క్యూల లెక్కలు తీశాను. పై క్యూలో డ్రాప్స్, అంటే పడిపోయిన ప్యాకెట్లు, సున్నా. అట్టడుగు క్యూలో అంకె చూస్తుండగానే వేలల్లో పెరుగుతోంది.

అదే సమయంలో నాన్న ఫోను. ఫిబ్రవరి నెలాఖరు, దాళ్వా వరి పొట్ట మీద ఉంది, నీళ్లు వంతుల వారీగా వదులుతున్నారు. ఆ రాత్రి మా వంతు. టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. "పైన తూములన్నీ ఎత్తేసుకున్నారు. మన బోదెలోకి జానెడు నీరు కూడా ఎక్కలేదు. లస్కరును అడిగితే కాలువ నిండుగానే వదిలామంటున్నాడు" అన్నారు. ధవళేశ్వరం ఆనకట్టకు 175 గేట్లున్నా, తూము దగ్గర కాపలా లేకపోతే శివారు చేను ఎండుతుందని ఆయన ఏటా చెప్పే మాటే. ఆ రాత్రి మాత్రం తెర మీది అంకెలు చూస్తూ విన్నాను.

తప్పు తెలిసింది. బ్యాకప్ కూడా అదే స్టోరేజ్ నుంచి చదువుతుంది కదా! పోర్టును చూసి గుర్తు వేయడంతో బ్యాకప్‌ను కూడా నేనే పై క్యూలో కూర్చోబెట్టాను. ప్యాకెట్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాదు, ఏ పని మీద వెళ్తోందన్నది చూడాలి. బ్యాకప్‌కు వేరే వీలాన్ (అదే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్కు) ఇచ్చి, ప్యాకెట్ ఏ తరగతిదో చెప్పే డీఎస్‌సీపీ అంకెగా 8, అంటే తక్కువ ప్రాధాన్యం గుర్తు, వేశాను. స్టోరేజ్‌కు 50 శాతం, అప్లికేషన్లకు 30, బ్యాకప్‌కు 20. స్ట్రిక్ట్ ప్రయారిటీని స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకునే ఆ కాస్త ట్రాఫిక్‌కే ఉంచాను. మర్నాటి రాత్రి ఫోను రాలేదు. బ్యాకప్ మాత్రం ముప్పావు గంట ఆలస్యంగా ముగిసింది. ముగియనివ్వండి, దాని కోసం లారీ ఎదురుచూడడం లేదు.

ఈ శాతాలను చాలామంది గరిష్ఠ పరిమితి అనుకుంటారు. లింకును తరగతుల మధ్య పంచే ఈటీఎస్ అనే పద్ధతిలో అది కనీస హామీ. మిగతా వాళ్లు వాడుకోకపోతే 20 శాతం వాడు మొత్తం లింకునూ వాడుకోవచ్చు. రద్దీ వచ్చినప్పుడే లెక్క మొదలవుతుంది.

"మా లింకు సగటున 30 శాతమే నిండుతోంది" అని గ్రాఫ్ చూపించేవాళ్లతో నాకు పేచీ. అది అయిదు నిమిషాల సగటు. రెండు 10 గిగాబిట్ పోర్టులు ఒకేసారి మూడో 10 గిగాబిట్ పోర్టు మీద పడితే సెకనుకు 1.25 గిగాబైట్లు ఎక్కువవుతాయి. స్విచ్‌లో ప్యాకెట్లు కాసేపు ఆగే చోటు, అంటే 12.5 మెగాబైట్ల బఫర్, 10 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చినవి నేలపాలే. ఆ గ్రాఫ్‌లో చిన్న గీత కూడా పడదు.

ఇంకొకటి, ఎక్కడో చూసిన కాన్ఫిగరేషన్ తెచ్చి అన్ని తరగతులకూ పీఎఫ్‌సీ పెట్టేస్తున్నారు. ప్యాకెట్ పడిపోకుండా అవతలి పోర్టును కాసేపు ఆగమనడం దాని పని. ఆగిన పోర్టు తన వెనకవాణ్ణి ఆపుతుంది, వాడు ఇంకొకణ్ణి. లాకు మూసేస్తే పైన గట్టు పొర్లినట్టు, సంబంధం లేని సర్వర్లు కూడా నిలిచిపోతాయి. ప్యాకెట్ నష్టమే కూడని ఒక్క తరగతికి, ఆర్‌డీఎంఏ (ఒక సర్వర్ మెమరీని ఇంకో సర్వర్ నేరుగా చదివే పద్ధతి) లాంటి దానికి, ఇస్తే చాలు. అలాగే సర్వర్లు వేసుకొచ్చిన గుర్తులను గుడ్డిగా నమ్మకండి. డీఎస్‌సీపీలో 64 విలువలున్నాయి. ఎవరిని అడిగినా నాది 46, అంటే అత్యవసరం, అంటారు. గుర్తు మీ మొదటి స్విచ్‌లోనే, మీరే వేయండి.

ముందు మాత్రం కొత్త లింకుకు ఆర్డరు పెట్టకండి. ఈ రాత్రి మీ బ్యాకప్ మొదలయ్యే వేళకు స్విచ్ దగ్గర కూర్చుని, క్యూ వారీగా డ్రాప్స్ లెక్క నిమిషానికోసారి కాగితం మీద రాయండి. ఆ అంకెలు, ఏ క్యూలో ఏ ట్రాఫిక్ వేశారో ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.