డాక్టర్ సలహా: ఆదివారం రాని కడుపునొప్పి

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. రెండు నెలలుగా బడికి బయలుదేరే వేళకు బొడ్డు చుట్టూ నొప్పి అంటూ మెలికలు తిరిగిపోతున్నాడు. ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. రక్తపరీక్షలు, కడుపు స్కాన్ చేయించాం. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. నాలుగేళ్లకే మానేసిన పక్క తడపడం ఈమధ్య మళ్లీ మొదలైంది. నీళ్ల సీసా నింపి పంపితే నింపినట్లే తెస్తున్నాడు. పోయిన వారం, వాడితో పాటు వ్యానులో వెళ్లే పక్కింటి అబ్బాయి అసలు సంగతి చెప్పాడు. నాలుగో తరగతి పిల్లలు ముగ్గురు మావాణ్ణి ‘సోడాబుడ్డి’ అని ఏడిపిస్తూ కళ్లజోడు లాక్కుంటున్నారట. ఒకసారి మరుగుదొడ్డిలోకి నెట్టి బయట గడియ వేశారట. మావారు ‘నువ్వూ రెండు తగిలించు’ అంటున్నారు. అత్తయ్యగారు ‘పిల్లలన్నాక ఇవన్నీ మామూలే’ అంటున్నారు. స్కూలు మార్చేయమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నా కన్ను ముందుగా ఆ నీళ్ల సీసా మీద పడింది. గడియ పడిన రోజు నుంచి మీవాడికి ఆ మరుగుదొడ్డి అంటే భయం. అక్కడికి వెళ్లే పని పడకూడదంటే నీళ్లు తాగకూడదు. ఎనిమిదేళ్ల బుర్ర తనంతట తాను కనిపెట్టుకున్న ఉపాయం అది. పగలంతా తాగని నీళ్లు సాయంత్రం ఇంటికి వచ్చి గటగటా తాగేస్తాడు, రాత్రి పక్క తడుస్తుంది. మూత్రం బిగబట్టే పిల్లలు తరచూ మలం కూడా బిగబడతారు. అది గట్టిపడి కడుపునొప్పిని ఇంకాస్త పెంచుతుంది.

కాబట్టి వాడు నాటకాలాడటం లేదు. పేగులకు, మెదడుకు మధ్య నరాల బంధం చాలా దగ్గరిది. పరీక్ష హాలు బయట కడుపులో తిప్పడం మనందరికీ అనుభవమే. భయం రోజూ ఉంటే ఆ తిప్పడం రోజూ వచ్చే నొప్పిగా మారుతుంది. స్కాన్‌లో కనబడదు కానీ నొప్పి నిజం. ‘నీకేమీ లేదన్నారు, లే, బయలుదేరు’ అని మాత్రం అనకండి. నులిపురుగుల మందు ఈపాటికి రెండుసార్లు పట్టించే ఉంటారు. మళ్లీ వద్దు, మరో స్కాన్ కూడా వద్దు. ఒక్క మూత్రపరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి. ఇన్‌ఫెక్షన్, చక్కెర రెండూ చూడాలి. నిద్రలోంచి లేపేంత నొప్పి, బరువు తగ్గడం, మలంలో రక్తం, ఆగని వాంతులు, జ్వరం, కుడివైపు కిందకు జరిగే నొప్పి – వీటిలో ఏది కనిపించినా కథ వేరు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇంకొకటి. కళ్లజోడు బడిలో పెట్టుకుంటున్నాడో, సంచిలో దాచేస్తున్నాడో చూడండి. ఈ వయసులో అద్దాలు మానేస్తే కొందరు పిల్లల్లో బలహీనంగా ఉన్న కన్ను అలాగే మందగించిపోతుంది. నేనూ రెండో తరగతి నుంచి సోడాబుడ్డినే. నా అద్దాలు ఎన్నిసార్లు బడి గోడ అవతల పడ్డాయో లెక్కలేదు. అందుకే మీ అత్తయ్యగారి మాట నాకు కొత్త కాదు. ఇద్దరు స్నేహితులు కొట్టుకుని సాయంత్రానికి కలిసి గోళీలాడితే అది మామూలే. నార్వేలో డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలోనే ఈ తేడా మీద పని మొదలుపెట్టాడు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదుటివాడు తిరిగి ఏమీ చేయలేని స్థితిలో ఉండటం – ఈ మూడూ కలిస్తే అది అల్లరి కాదు, వేధింపు. మీవాడి విషయంలో మూడూ ఉన్నాయి.

మీవారి సలహా కూడా ఆ మూడోదాని దగ్గరే బెడిసికొడుతుంది. అవతల ముగ్గురు, అందరూ ఏడాది పెద్దవాళ్లు. వీడు ధైర్యం చేసి ఒకటి వేస్తే నాలుగు తింటాడు. టీచరు తల తిప్పేసరికి కనబడేది వీడు వేసిన ఆ ఒక్క దెబ్బే. పైగా కొట్టలేకపోయిన రోజున ‘నాన్న చెప్పినట్లు చేయలేకపోయాను’ అనే సిగ్గు తోడై, ఆ తర్వాత ఇంట్లో నోరు విప్పడు. కొట్టడం బదులు ‘ఆపు, నా అద్దాలివ్వు’ అని గట్టిగా, తల ఎత్తి అనడం అద్దం ముందు సాధన చేయించండి. అని అక్కడ నిలబడనక్కర్లేదు, నేరుగా టీచరు దగ్గరకు నడవాలి. అది చాడీ చెప్పడం కాదని మీవారే వాడికి చెబితే మంచిది.

వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ‘ఎవరు? ఎప్పుడు? ఎందుకు చెప్పలేదు?’ అని నిలదీయకండి. ఈ వయసు పిల్లలు చేతులకు పని ఉన్నప్పుడు మాట్లాడతారు. నా దగ్గరకు వచ్చే పిల్లలకు కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి మీ బడి బొమ్మ గీయమంటాను. ఒక బాబు గేటు, వేపచెట్టు, కుళాయి, చివరికి గంట కూడా గీశాడు. వెనక వరండా వచ్చేసరికి నల్లరంగుతో కాగితం చిరిగేదాకా రుద్దాడు. వాళ్లమ్మ అడగాల్సిన ప్రశ్న ఇక మిగల్లేదు.

ఆ ముగ్గురి ఇళ్లకు వెళ్లి గొడవ పడకండి. పెద్దల పంతం మళ్లీ వీడి మీదకే వస్తుంది. క్లాస్ టీచరును కలిసి, జరిగినవి తేదీలతో సహా రాసిన కాగితం ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ‘కాస్త చూసుకోండి’ అంటే ఎవరూ ఏమీ చూడరు. ఫలానాది కావాలని అడగండి: ఇంటర్వెల్‌లో మరుగుదొడ్ల దగ్గర ఆయా ఉండాలి, వ్యానులో మీవాడు డ్రైవరు వెనక సీట్లో కూర్చోవాలి, ప్రతి శుక్రవారం టీచరు మీకు రెండు ముక్కలు చెప్పాలి. నలుగురినీ నిలబెట్టి ‘సారీ చెప్పుకోండి’ అనే పంచాయితీ మాత్రం వద్దనండి. ముగ్గురి ముందు వీడు ఒక్కడు నిలబడితే నిజం బయటికి రాదు. ఆ పిల్లలతో టీచరు విడివిడిగా మాట్లాడాలి. వాళ్లవీ తొమ్మిదేళ్ల మనసులే. వాళ్లను ఎవరు ఏడిపిస్తున్నారో కూడా ఎవరో ఒకరు కనుక్కోవాలి. టీచరు పట్టించుకోకపోతే హెడ్‌మాస్టరుకు రాయండి. సీబీఎస్ఈ బడి అయితే, ఇలాంటివి చూడటానికి కమిటీ ఉండాలని ఆ బోర్డు 2015లోనే చెప్పింది. ఎక్కడా కదలిక లేకపోతే 1098, పిల్లల సహాయవాణి.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మనిషి మీ పక్కింటి అబ్బాయి. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు బడుల కోసం ‘కివా’ అనే కార్యక్రమం తయారుచేశారు. దాని గురి ఎక్కువగా ఏడిపించేవాడి మీద కాదు, చుట్టూ నిలబడి చూసేవాళ్ల మీద. నవ్వేవాళ్లు లేకపోతే ‘సోడాబుడ్డి’ అనడంలో సరదా ఏముంటుంది? ఆ అబ్బాయిని ఓ సాయంత్రం పిలిచి పకోడీలు పెట్టండి. ఇంటర్వెల్‌లో ఇద్దరూ కలిసి వెళ్లేలా మాట్లాడండి.

బడి మాన్పించకండి. ఇంట్లో ఉన్న ప్రతి రోజూ మర్నాటి గడపను ఇంకాస్త ఎత్తు చేస్తుంది. మరీ తప్పక ఆపిన రోజున టీవీ, ఫోను ఇవ్వకండి. స్కూలు మార్చే సంగతి రెండు నెలలు గట్టిగా ప్రయత్నించాక చూద్దాం. ఇప్పుడే మారిస్తే ‘తప్పు నాదే, అందుకే నన్ను పంపేశారు’ అనుకుంటాడు. అయితే ఒంటి మీద దెబ్బలు తగిలినా, బడి చూడనట్లు నటించినా ఆగనక్కర్లేదు. ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట వాడి నోట వస్తే ఆ రోజే మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మూత్రపరీక్ష రిపోర్టు రాగానే పంపండి. రెండు వారాల పాటు సాయంత్రం సంచిలోంచి తీసిన సీసాలో ఎన్ని నీళ్లు మిగిలాయో క్యాలెండర్ మీద రాసి ఉంచండి. ఈసారి రాసేటప్పుడు నాకు ఆ లెక్క కావాలి.

– పిల్లల వైద్య నిపుణులు